చందాతో వచ్చిన బ్రౌజరు

రేడియో ఉన్న ఇంట ఒక స్వాతంత్ర్యము కలదు. నిత్యము అనుభవించుచున్నది గనుక దానిని స్వాతంత్ర్యమని మనము గుర్తింపము. పెట్టెను అంగడిలో మనమే కొందుము. ఏ కంపెనీ పెట్టె కొనవలెనో విజయవాడ కేంద్రము చెప్పదు. ముల్లు త్రిప్పి విజయవాడను వినవచ్చును, విశాఖపట్నమును వినవచ్చును. ఒకప్పుడు సిలోనును కూడ వినెడివారము. ప్రసారము చేయువారు వేరు, దానిని అందుకొను పెట్టె వేరు, ముల్లు మీది చేయి మనది.

అంతర్జాలము ఇండ్లలోనికి వచ్చినప్పుడు ఈ మూడును ఇంత స్పష్టముగా వేరుపడి యుండలేదు. అందుకొను పరికరమైన బ్రౌజరు పలుమారు చందాతో పాటే ఇంటికి వచ్చినది. దానిని ఎవరు ఎంచిరి? వెల లేకుండ ఎందుకిచ్చిరి? తెలుగు చదువరికి దానివలన కలిగిన లాభమేమి, నష్టమేమి? ఈ ప్రశ్నలకు సమాధానముగా ముప్పది యేండ్ల చరిత్రను క్లుప్తముగా విన్నవించెదను.

ముందుగా మాటల అర్థము. కనెక్షను అనగా తీగమీదుగా గాని, గాలిలో గాని ఇంటికి చేరు సమాచార ప్రవాహము. బ్రౌజరు అనగా ఆ ప్రవాహము నుండి మనము కోరిన పుటను తెచ్చి, అక్షరములను, బొమ్మలను పేర్చి తెరపై చూపు ప్రోగ్రాము. కోనసీమ వాసులకు ఈ భేదము సులువుగా బోధపడును. సర్ ఆర్థరు కాటను పూనికతో 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట నుండి గోదావరి నీరు కాలువలలో పారి వచ్చును. గన్నవరము కడ అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు సీమకు పోవును. అయినను చేనికి నీరందవలెనన్న కాలువగట్టున తూము ఉండవలెను. తూము ఇరుకైనచో కాలువ నిండుగా పారుచున్నను చేను ఎండును. కనెక్షను కాలువ వంటిది. బ్రౌజరు తూము వంటిది. తూము తలుపు ఎవరి చేతిలో నున్నదన్నదే రైతుకు ముఖ్యము.

బ్రౌజరు పుట్టుకలో వ్యాపారము లేదు. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయములో పనిచేయుచుండిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో మొదటి బ్రౌజరును వ్రాసెను. ఆ విధానమును ఎవరైనను రుసుము లేకుండ వాడుకొనవచ్చునని సెర్న్ 1993 ఏప్రిల్ 30న ప్రకటించినది. అదే సంవత్సరమున అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున మార్క్ ఆండ్రీసెన్, ఎరిక్ బీనా అనువారు మొజాయిక్ అను బ్రౌజరును తయారుచేసిరి. బొమ్మలను అక్షరముల సరసనే చూపినందున అది సామాన్యులకు నచ్చినది. 1994లో ఆండ్రీసెన్, జిమ్ క్లార్కుతో కలిసి నెట్‌స్కేప్ సంస్థను స్థాపించెను. ఆ యేటి డిసెంబరులో నెట్‌స్కేప్ నావిగేటరు వెలువడినది. 1995 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సంస్థ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును తెచ్చినది.

ఆ 1995 ఆగస్టు నెలలోనే, 15వ తేదీన, మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినది. అంతకుముందు 1986 నుండి ఎర్‌నెట్ అను విద్యాజాలము ఉన్నను అది విద్యాసంస్థలకు, పరిశోధకులకు పరిమితము. కొత్త సేవ మొదట బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు వంటి మహానగరములకు దక్కినది. వ్యక్తులకు సంవత్సరమునకు 250 గంటల చందా 5,000 రూపాయలు. వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు. బొమ్మలతో కూడిన పుటలు చూడగోరు వారికి 15,000 రూపాయల చందా వేరుగా ఉండెను. విద్యార్థులకు 500 రూపాయలకే ఒక ఖాతా ఇచ్చిరి గాని, అందులో అక్షరములు తప్ప బొమ్మలు కనిపింపవు.

ఈ చిన్న ఖాతా పనిచేసిన తీరు మన విషయమునకు ముఖ్యము. చందాదారుడు టెలిఫోను మీద నిగమ్ వారి యంత్రమును పిలుచును. బ్రౌజరు ఆతని ఇంట ఉండదు. నిగమ్ వారి యంత్రములోనే నడచును. 1992లో కాన్సస్ విశ్వవిద్యాలయమున పుట్టిన లింక్స్ అను అక్షరమాత్రపు బ్రౌజరు ఇట్టి ఖాతాల వారికి ఆధారమయ్యెను. చందాదారుని తెరమీదికి వచ్చునది దాని ప్రతిబింబము మాత్రమే. అనగా పెట్టెయు స్టేషనులోనే ఉండెను. ఇంటికి చేరినది తెర ఒక్కటే. ఆ తెరకు రోమను అక్షరములు తప్ప వేరు లిపి తెలియదు. కనుకనే ఆనాడు అంతర్జాలమున తెలుగువారు తమ భాషను రోమను లిపిలో వ్రాసికొనిరి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునకు చెందిన తెలుగువారు కూర్చిన లిప్యంతరీకరణ పద్ధతి అందులకు వాడుకలోనికి వచ్చినది. భాష మనదే, లిపి తూమున ఆగిపోయినది.

ఇంతలో అమెరికాలో ఒక పోరు సాగినది. దాని ఫలితము గోదావరి లంకల వరకు వచ్చినది గనుక దానిని కొంత తెలిసికొనవలెను. బ్రౌజరు జనులకు చేరుటకు ఆనాడు రెండు రాజమార్గములుండెను. ఒకటి కొత్త కంప్యూటరుతో పాటు వచ్చుట. రెండవది అంతర్జాల చందాతో పాటు వచ్చుట. టెలిఫోను తీగపై దించుకొనవచ్చును గదా యని అడుగవచ్చును. 20 మెగాబైట్ల ప్రోగ్రామును 33.6 కిలోబిట్ల మోడెము పూర్తి వేగముతో దించినను గంటా ఇరువది నిమిషములు పట్టును. నడుమ లైను ఒక్కసారి తెగినచో మరల మొదటికి రావలసినదే. టెలిఫోను రుసుము వేరు. కనుక చేతికిచ్చిన సీడీలో ఏ బ్రౌజరు ఉన్నదో, నూటికి తొంబదిమంది వాడునది అదియే యగుట సహజము.

మైక్రోసాఫ్ట్ ఈ సంగతిని చక్కగా గ్రహించినది. 1996 మార్చిలో అమెరికా ఆన్‌లైన్ అను పెద్ద సేవాసంస్థతో ఒప్పందము చేసికొన్నది. ఆ సంస్థ తన చందాదారులకు ఎక్స్‌ప్లోరరును ఇచ్చును. ప్రతిగా విండోస్ తెరమీద ఆ సంస్థ సేవకు చోటు లభించును. తక్కిన సేవాసంస్థలకు, ఎక్స్‌ప్లోరరుపై తమ పేరును, చిహ్నమును ముద్రించుకొని పంచుకొనుటకు ఒక ఉపకరణమును ఉచితముగా ఇచ్చినది. నెట్‌స్కేప్ వెల కట్టి అమ్ముచున్న సరకును మైక్రోసాఫ్ట్ ఊరకే ఇచ్చుచుండగా, ఏ సేవాసంస్థ కాదనును?

అయితే ఆ ఔదార్యమునకు షరతులుండెను. 1998 మే 18న అమెరికా ప్రభుత్వము, పలు రాష్ట్రములు మైక్రోసాఫ్ట్‌పై వ్యాజ్యము వేసినవి. విచారణలో తేలినదేమనగా, ఉత్తర అమెరికాలోని మొదటి 15 సేవాసంస్థలలో 14 ఇట్టి ఒప్పందములకు లోబడినవి. నావిగేటరుతో పంపు పొట్లములు ఒక హద్దు మించరాదని వానిలో నియమము. ఆ హద్దు సాధారణముగా నూటికి 25. న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ 2000 జూన్‌లో సంస్థను రెండుగా చీల్చవలెనని ఆజ్ఞాపించెను. 2001 జూన్ 28న అప్పీలు న్యాయస్థానము ఆ చీలికను కొట్టివేసినను, చట్టవిరుద్ధముగా గుత్తాధిపత్యమును నిలుపుకొన్నారన్న నిర్ణయమును, సేవాసంస్థలతోడి ఒప్పందములు పోటీని అణచినవన్న నిర్ణయమును స్థిరపరచినది. తీర్పు వచ్చునాటికి పందెము ముగిసినది. నెట్‌స్కేప్ 1998 జనవరిలోనే తన బ్రౌజరును ఉచితము చేసినది. మార్చి 31న దాని మూలరచనను లోకమునకు బహిరంగపరచినది. నవంబరులో అమెరికా ఆన్‌లైన్ చేతికి పోవుటకు అంగీకరించినది.

మన దేశమున 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అంతర్జాల సేవ నడుపు అనుమతి లభించినది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే ఆ నెలలోనే సత్యం ఆన్‌లైన్ పేరిట సేవ ఆరంభించినది. పుస్తకపు అట్ట వంటి పెట్టెలో సీడీ, ఖాతా పేరు, రహస్యపదము పెట్టి అంగళ్ళలో అమ్ము ఆచారము అప్పుడు వచ్చినది. చిన్న పట్టణములకు దిక్కు ప్రధానముగా టెలిఫోను శాఖయే. ఆ శాఖ సేవలు 2000 అక్టోబరు 1న భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్‌కు సంక్రమించినవి; దాని డయలప్ సేవకు సంచార్‌నెట్ అని పేరు. దగ్గరలో సేవాకేంద్రము లేని ఊళ్ళ వారు దూరపు నగరమునకు ఎస్.టి.డి. చేసి అంతర్జాలమును అందుకొనవలసి వచ్చెడిది. అటువంటి రోజులలో బ్రౌజరులను పోల్చి ఎంచుకొను తీరిక ఎవరికి ఉండును? విండోస్‌తో వచ్చిన నీలిరంగు ‘ఇ’ అక్షరమే అంతర్జాలమని చాలమంది అనుకొనిరి. కువైటు, దుబాయి, మస్కటులలో పనిచేయుచున్న వారికి కోనసీమ నుండి ఉత్తరము పంపవలెనన్న ఆ అక్షరమునే నొక్కిరి.

ఇది తప్పని చెప్పుటకు వీలులేదు. ఉచితపు బ్రౌజరు వలన మొదటిసారి చందా కట్టిన గృహస్థుకు శ్రమ తగ్గినది, ఖర్చు తగ్గినది. ఇంట ఇంజనీరు లేకున్నను అంతర్జాలము తెరచుకొన్నది. ఈ మేలును మరువరాదు. కాని దాని వెంట వచ్చిన చిక్కు తెలుగు చదువరికే ఎక్కువగా తగిలినది.

ఆ చిక్కు ఇది. కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక సంఖ్యగా దాచుకొనును. ఆ రోజులలో తెలుగు పత్రికలు రోమను అక్షరముల సంఖ్యల స్థానములలో తెలుగు అక్షరఖండములను నింపి, తమ సొంత ఫాంటులను చేయించుకొనెడివి. ఆ ఫాంటు ఉన్న యంత్రమున తెలుగు కనిపించును. లేని యంత్రమున అర్థము లేని రోమను గుర్తులు కనిపించును. ఒక పత్రిక ఫాంటు మరియొక పత్రికకు పనికిరాదు. ఫాంటును పుటతో పాటే పంపు ఉపాయమును మైక్రోసాఫ్ట్ 1997 నాటి ఎక్స్‌ప్లోరరు నాల్గవ కూర్పులో ప్రవేశపెట్టినది. నెట్‌స్కేప్ ఉపాయము వేరు. ఒకదానికి మరియొకదానితో పొత్తు కుదరదు. ఎక్స్‌ప్లోరరు ఇంటింట ఉన్నది గనుక తెలుగు పత్రికల పుటలు దానికే చక్కగా అమరినవి. వేరు బ్రౌజరు పట్టినవాడు తెలుగు దినపత్రికను తెరచి పిచ్చిగీతలు చూడవలసి వచ్చినది. సంపాదకుడు వ్రాసినది తెలుగే. పాఠకుడు కోరినది తెలుగే. నడుమ నున్న తూము తన కొలతకు సరిపడిన తెలుగునే విడిచినది. పైగా, ఆ పుటలలోని మాట నొకదానిని వెదకుదమన్న వెదకు యంత్రములకు అది తెలుగని తెలియదు. అచ్చైన పత్రికను గ్రంథాలయమున వెదకి తీయవచ్చును; ఆ పుటలను అట్లు తీయుట కుదరలేదు.

పరిష్కారము ఏ కంపెనీ దయవలనను రాలేదు; ఉమ్మడి కట్టుబాటు వలన వచ్చినది. లోకములోని లిపులన్నిటికిని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క స్థిరసంఖ్య నిచ్చు యూనికోడు 1991లో వెలువడినది. తెలుగు ఆ మొదటి కూర్పులోనే ఉన్నది. కాని కట్టుబాటు కాగితము మీద ఉన్నంత మాత్రమున గుణింతము, ఒత్తు తెరమీద కుదురుకొనవు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అను తెలుగు ఫాంటుతో వచ్చినది. కోనసీమ తూర్పు అంచున పారు గోదావరి పాయ పేరును తలపించు ఫాంటు అది. దానితో సామాన్యుని యంత్రమున యూనికోడు తెలుగు చదువుట సాధ్యమైనది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. నెట్‌స్కేప్ బహిరంగపరచిన మూలరచన నుండి పెరిగిన ఫైర్‌ఫాక్సు మొదటి కూర్పు 2004 నవంబరు 9న వచ్చినది. ఆ బ్రౌజరునకు తగిలించుకొనుటకై వెన్న నాగార్జున పద్మ అను ఉపకరణమును వ్రాసెను. పత్రికల సొంత ఫాంటులలోని పాఠమును అది చదువరి కన్నుల ముందే యూనికోడులోనికి మార్చి చూపెడిది. తెలుగు వికీపీడియాకు నాంది పలికినదియు ఆయనయే. తరువాత పత్రికలు ఒక్కొక్కటిగా యూనికోడునకు మారినవి. నేడు ఏ బ్రౌజరు పట్టినను తెలుగు తెలుగుగానే కనిపించుచున్నది. ఇది సహజముగా జరిగినదని చిన్నవారు భావింపవచ్చును. కాదు, కొందరు పనిగట్టుకొని సాధించినారు.

2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ డేటావన్ పేరిట బ్రాడ్‌బ్యాండును తెచ్చినది. కనీసము 256 కిలోబిట్ల వేగము వచ్చుటతో బ్రౌజరును దించుకొనుట సులువైనది. సీడీకి ప్రాధాన్యము తగ్గినది. 2008లో గూగుల్ క్రోము వచ్చినది. కొలది యేండ్లలో ఎక్స్‌ప్లోరరు వెనుకబడినది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దానికి స్వస్తి చెప్పినది. ఉచితముగా ఇంటింటికి చేరిన బ్రౌజరు కూడ, ఎంచుకొను శక్తి ప్రజలకు వచ్చినప్పుడు, నిలువలేకపోయినది.

ఇప్పుడు మోరి గ్రామమునకు పోదము. సఖినేటిపల్లి మండలములో, అంతర్వేదికి పోవు సీమలో, జీడిపప్పునకు పేరుపొందిన ఊరు అది. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు సాలొమన్ డార్విన్ నాయకత్వమున స్మార్ట్ గ్రామ ప్రయోగమునకు ఆ గ్రామము ఎన్నికైనది. 2016 డిసెంబరు 29న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు అచట ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవను ప్రారంభించెను. విద్యుత్ స్తంభముల మీదుగా కాంతితంతువును లాగి, ఆనాడు నెలకు 149 రూపాయల చందాకు టెలివిజన్, టెలిఫోను, అంతర్జాలము మూడింటిని ఇంటికిచ్చిన పథకమిది. మరుసటి యేడు డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దానిని రాష్ట్రమునకు లాంఛనముగా అంకితము చేసెను. 1995లో మహానగరపు గృహస్థు సంవత్సరమునకు 5,000 రూపాయలు కట్టి పొందినదానికి వందల రెట్ల వేగము, వైనతేయకు ఆవలి గ్రామమునకు దానికంటె తక్కువ వెలకే చేరినది. కాలువ విశాలమైనది.

మరి తూము? అది ఇప్పుడు సీడీలో రాదు. టెలివిజన్ కింది పెట్టెలోను, చేతిలోని ఫోనులోను ముందుగానే అమర్చబడి వచ్చుచున్నది. జియో సంస్థ 2020 అక్టోబరులో జియోపేజెస్ అను బ్రౌజరును విడుదల చేసినది. తెలుగు మొదలైన ఎనిమిది భారతీయ భాషలకు అందులో చోటిచ్చినది. జియో ఫైబరు చందాదారుల సెట్‌టాప్ పెట్టెలలో అది ముందుగా వచ్చి, 2021లో ఇతర టెలివిజన్లకును అందినది. చందాతో వచ్చు బ్రౌజరు తెలుగు మాటాడుట మెచ్చదగినదే. 1995 నాటి చందాతో వచ్చిన బ్రౌజరునకు మన లిపియే తెలియదు గదా. అయినను పాత ప్రశ్న మిగిలియే యున్నది. మొదటి పుటలో ఏ వార్త ముందు కనిపించవలెను, ఏ వెదకు యంత్రము ముందుండవలెను అనునది నిర్ణయించునది ఎవరు?

ఈ ప్రశ్న ప్రభుత్వముల ముందుకు పలుమార్లు వచ్చినది. ఐరోపా సంఘము 2009 డిసెంబరులో, విండోస్ వాడువారికి పలు బ్రౌజరుల పట్టికను చూపి ఎన్నుకొననీయవలెనని మైక్రోసాఫ్ట్ చేత ఒప్పించినది; మాట తప్పినందుకు 2013 మార్చిలో 56.1 కోట్ల యూరోల జరిమానా విధించినది. మన దేశమున భారత పోటీ కమిషను 2022 అక్టోబరు 20న, ఆండ్రాయిడు ఫోనులలో క్రోము మొదలైన తన ప్రోగ్రాములను ముందుగా అమర్పించిన విషయమున గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసినది. 2023 మార్చిలో అప్పీలు ట్రైబ్యునలు కొన్ని ఆదేశములను సడలించినను జరిమానాను ఖాయపరచినది. పాతికేండ్ల క్రిందట సీడీని గూర్చి సాగిన వాదమే నేడు ఫోనును గూర్చి సాగుచున్నది.

ఈ చరిత్ర వలన రెండు సంగతులు తేలుచున్నవి. ముందుగా అమర్చి ఇచ్చినదానిని జనులు సాధారణముగా మార్చరు. ఉచితమునకు గల అసలు బలము ఇదియే. దానికి విరుగుడు నిరాకరించుట కాదు, మార్చుకొనగల వీలును నిలుపుకొనుట. ఆ వీలు ఉమ్మడి కట్టుబాటు వలన కలుగును. యూనికోడు లేకున్నచో బ్రౌజరును మార్చిన తెలుగువాడు తన భాషను పోగొట్టుకొని యుండును; అది ఉన్నది గనుక, ఏ బ్రౌజరునకు మారినను భాష వెంట వచ్చుచున్నది.

కావున కొత్త కనెక్షను పెట్టించుకొను గృహస్థులు పనివాడు వెళ్ళకముందే రెండు మాటలు అడుగుట మంచిది: దీనితో ఏ బ్రౌజరు వచ్చినది? దీనిలో మరియొకటి పెట్టుకొనవచ్చునా? రెండవదానికి ఔనని సమాధానము వచ్చినచో మొదటిదానిని గూర్చి పెద్దగా చింతింప నక్కరలేదు.